వైరుకు పెట్టిన బొట్టు

తొంభైల చివర్లో హిందూపురం దగ్గర ఒక వేరుశనగ మిల్లులో, ట్రాక్టర్లను తూచే వేబ్రిడ్జి దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. తూకం మిషన్లో పడిన బరువు ఒక వైరు గుండా కంప్యూటర్‌లోకి వస్తేనే రసీదు అచ్చయ్యేది.

ఆయుధపూజ మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్లు బారులు తీరాయి. మిషన్లో బరువు బాగానే పడుతోంది, కంప్యూటర్‌లో మాత్రం సున్నా! కంప్యూటర్‌లో పోర్టు నంబరు మార్చాను, సెట్టింగులన్నీ సరిచూశాను, నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశాను. సున్నా కదల్లేదు.

"చేత్తో రాసిన చీటీ మాకొద్దమ్మా. కంప్యూటర్ది ఇస్తేనే ట్రాక్టర్ తీసేది" అని కిటికీ దగ్గర రైతుల గోల. ఇంతలో ఓనరు వస్తున్నాడని కబురు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆ కంగారులో, కాటా దగ్గర పనిచేసే పెద్దాయన ఓబులప్ప మీద విరుచుకుపడ్డాను.

"నువ్వే ఏదో కదిలించుంటావు!"

ఆయన వైరు ఊడదీసి చూశాడు. "నిన్న దీనికి గూడా బొట్టు పెడితివి కదమ్మా. ఈడ సూడు."

పిన్నుల నిండా ఎండిన గంధం! పూజలో దేన్నీ వదలకూడదని వైరు పీకి, దాని మూతికి గంధం, కుంకుమ పెట్టింది నేనే.

పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తగిలించాను. తెర మీద బరువు కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందప్పా?" అంటూ ఓనరు లోపలికొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే ఓబులప్ప అన్నాడు: "ఏం లేదు సామీ, వైర్లో దుమ్ము పట్టుకోనుండాది."

ఇప్పటికీ ఆయుధపూజకు అన్నిటికీ బొట్లు పెడతాను. వైర్లకు మాత్రం దూరం నుంచే దండం పెడతాను. ఆ దండంలో సగం ఓబులప్పకే.