ఎడమ భుజం మీద గొడ్డలి

మా ముత్తాతకి పేరుంది: సవర సోంబరు. అరకు దగ్గరున్న ఒక చిన్న యుద్ధ మ్యూజియం ఆ పేరు ఎగ్గొట్టింది. గోడ మీది పాత ఫొటో కింద తెల్లదొర పేరు హోదాతో సహా రాసి, వెనక నిలబడ్డ ఏడుగురినీ కలిపి ‘కొండ కూలీలు’ అని సరిపెట్టింది.

నేను పార్వతీపురంలో పంచర్లు వేస్తాను. టైరు మార్పించుకోడానికి వచ్చినాయన ఆ ఫొటో ఫోన్లో చూపిస్తే, నాకు పంపించుకుని, సీతంపేట పైన మా ఊళ్లో మామ్మకి చూపించాను. ఆమె వేలు ఒక మనిషి దగ్గర ఆగింది. అతనొక్కడికే గొడ్డలి ఎడమ భుజాన ఉంది.

“మా అయ్యది ఎడం చెయ్యిరా.”

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని బర్మా వైపు రోడ్డు పనికి తీసుకెళ్లేనాటికి మామ్మకి నాలుగేళ్లు. ఆయన తిరిగి రాలేదు. మా సవరల్లో పోయినవాళ్లకి రాయి నిలబెడతాం. శవం రాకపోయినా ఆయనకీ నిలబెట్టారు. “రాయికి మొకం లేదు. ఫోన్లో పురుగంతున్నాడు. పెద్దగా సూపించు,” అంది మామ్మ.

ముందురోజే విశాఖ చేరి, పొద్దున్న ఆరూ ముప్పావు ప్రాంతంలో కిరండూల్ రైలెక్కాం. కుడివైపు కిటికీ దొరికితే లోయంతా మీదే. సొరంగం వచ్చినప్పుడల్లా మామ్మ కళ్లు మూసుకునేది. బయటికి రాగానే మంచులో కొండలు, ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా కదిలేవి. “ఇదేనా బర్మా?” అని అడిగింది. కాదని చెప్పబుద్ధి కాలేదు.

పదకొండుకి అరకులో దిగాం. ఆటో రానూపోనూ నాలుగొందలు.

“అందరూ కాఫీకొస్తారు, నువ్వేటి మామ్మా, యుద్ధానికొచ్చావు!” అన్నాడు డ్రైవరు.

“మా అయ్యని సూడ్డానికి. బేగి పోనీ.”

లోపల నీలం వెలుతురు. స్పీకర్లలో దూరంగా సైరన్, అది ఆగాక సముద్రం చప్పుడు. దొర ఈల కూడా అద్దాల పెట్టెలో ఉంది, దానికీ ఒక చీటీ. గోడంత ఫొటో ముందు మామ్మ కొంగు ముడి విప్పి చోడి ముద్ద, అదే రాగిముద్ద, నేల మీద పెట్టింది.

“లోపల తినకూడదు మామ్మా,” అన్నాడు వాచ్‌మన్.

“నేను తింటన్నానేటి? ఆయన తింటాడు.”

వాచ్‌మన్ ఫొటో కేసి చూసి, అడ్డంగా కట్టిన తాడు కాస్త పక్కకి జరిపాడు. “బేగి కానీ. మేనేజరు వచ్చెత్తాడు.”

వచ్చాడు. పేరు రాయమంటే ఆధారం అడిగాడు.

“ఆ ఈల దొరదేనని నీకెవులు సెప్పారు బాబూ?”

“వాళ్ల కుటుంబం చెప్పిందమ్మా.”

“మరి నేనేటి?”

“చూద్దాం,” అన్నాడు.

మ్యూజియం బాగుంది, అబద్ధమెందుకు. ఆ నీలం గదిలో యుద్ధం కలలా తేలుతుంది, బయటికొచ్చినా సముద్రం చెవుల్లోనే ఉంటుంది. కానీ కలలో కనబడ్డా మనవాళ్లని మనం పేరు పెట్టే పిలుస్తాం. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: తిరుగు రైలు మధ్యాహ్నమే, లోపల గంటన్నరైనా ఉండేలా చూసుకోండి.

మేనేజరు గారూ, ఆ ఫొటో కింద సవర సోంబరు అని రాయండి. మిగతా ఆరుగురి పేర్లు తెలిసినవాళ్లు చెప్పమని పక్కన బోర్డు పెట్టండి. మామ్మకి ఎనభై ఏడేళ్లు. ఈ నెలాఖరులోగా కాగితం మీద జవాబివ్వండి.