కన్నడక అడిగితే కన్నడ నేర్చుకున్నాను

ఆ రోజుల్లో మా ఊళ్ళో కళ్ళద్దాలు పెట్టుకోవాలంటే మనిషికి అరవై ఏళ్ళన్నా నిండాలి, లేకుంటే తాలూకాను ఏలే అమల్దారు ఉద్యోగమన్నా చేస్తూ ఉండాలి. ఈ రెండూ లేని ఏడేళ్ళ ఆడపిల్లకు చూపు తక్కువ ఉండవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అందరికంటే ముందు నాకే రాలేదు. లోకమంటే నీళ్ళలో నానిన రంగుకాగితంలాగా అంచులు లేకుండా ఉంటుందనీ, అందరికీ అలాగే కనిపిస్తుందనీ అనుకుని హాయిగా బతుకుతూ ఉండేదాన్ని. అందుకే నా చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు చెవుల్లోనూ ముక్కులోనూ ఉన్నాయి, కళ్ళల్లో లేవు. నాయన వస్తున్నాడంటే ముందు ఆయన చెప్పుల కిర్రు వచ్చేది. అమ్మ ఏ గదిలో ఉందో గాజులు చెప్పేవి. వేరుశెనక్కాయలు పీకే కాలం వచ్చిందని తెలిసేది పచ్చి మట్టివాసనతో. మా చేని గట్టున ఒక పొడుగాటి మనిషి ఎప్పుడూ నిలబడి ఉండేవాడు. బడికి పోతూ వస్తూ "బాగుండావా అప్పా" అని పలకరించేదాన్ని. ఒక్కసారీ బదులు చెప్పలేదు. ఆయనకు పొగరెక్కువని అమ్మతో చెప్తే, నేను తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది. (అది పిట్టలను బెదిరించడానికి నాయన పాతిన గడ్డిబొమ్మ. రెండేళ్ళు దానితో మర్యాదగా మాట్లాడాను.)

మా ఊరు మైసూరు సీమ అంచున, బడి ఉన్న బాగేపల్లికి రెండు మైళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. మా పక్క పిల్లలందరూ అలాగే రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఏ పడవా మునగకుండా నెట్టుకొచ్చేవాళ్ళు. నేను మూడో తరగతిలోకి వచ్చిన ఏడు మా బడికి కొత్త మేష్టారు వచ్చాడు. మైసూరు పక్కనుంచి వచ్చినవాడు కాబట్టి మైసూరు మేష్ట్రు అనేవాళ్ళం. చాలా మంచివాడు, బెత్తం గోడకే ఆనించి ఉంచేవాడు. తెలుగు మాత్రం నాలుగు మాటలకు మించి రాదు. ఆయన వచ్చిన నెలరోజులకే నా గుట్టు కనిపెట్టాడు. నేను పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదవడం, నల్లబల్ల మీద రాసినదాన్ని చూడకుండా పక్కపిల్ల పలక మీదికి వంగి ఎక్కించుకోవడం, ఆ పిల్ల తప్పు రాస్తే నేనూ అచ్చం అదే తప్పు రాయడం, ఇవన్నీ చూశాడు. ఒకరోజు బడి వదిలాక నన్ను దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేసి, "నినగె కన్నడక బేకమ్మా. నిమ్మ తందెగె హేళు" అన్నాడు.

బేకు అంటే కావాలి అని నాకు తెలుసు. తందెగె హేళు అంటే నాయనకు చెప్పమని తెలుసు. మధ్యలో ఉన్న కన్నడక అంటే కళ్ళద్దాలని మాత్రం తెలియదు. మా ఇంట్లో వాటిని కండ్లద్దాలు అంటారు. పైగా మేష్టారి మాటలన్నీ ఏదో ఒక తోకతోనే ముగిసేవి కాబట్టి, చివరి 'క'ను కూడా అలాంటి తోకే అనుకుని దారిలోనే వదిలేశాను. ఇంటికి పోయి ఏడుపు మొహంతో నాయనకు చెప్పాను, నాకు కన్నడ కావాలని, అంటే రాదని, మేష్ట్రు అన్నాడని.

నాయన ఎద్దులకు నీళ్ళు పెడుతున్నవాడు బిందె దించేశాడు. పేడకుప్ప దగ్గరున్న మా అవ్వకు ఇంకేం కావాలి, అందుకుంది. ఆడపిల్లకు రెండు బాసలెందుకు, బడి మానిపిస్తే ఇంట్లో కాయలన్నా ఒలుస్తుంది కదా అంది. నాయనకు చదువంటే ఇష్టమే కానీ, తన బిడ్డకు కన్నడ రాదన్న మాట ఆయనకు తలకొట్టేసినట్టయింది. అమల్దారు కచేరీలో జవాన్లతో సైతం తడుముకోకుండా కన్నడ మాట్లాడతాడని ఆయనకు పేరు. చాలాసేపు ఆలోచించి చివరికి ఒక తీర్పు చెప్పాడు.

"దసరాకు నీకు కన్నడ రావల్ల. వస్తే బడికి పోతావు. రాకుంటే అవ్వ చెప్పినట్టే."

ఆ మర్నాటి నుంచి నన్ను శానుభోగు తాత దగ్గర కూర్చోబెట్టారు. ఆయన మాకు చుట్టం కాదు. ఊరి లెక్కలు రాసి రాసి కుర్రవాళ్ళకు అప్పగించిన పెద్దాయన. గుడి పూజా, పురాణం చెప్పడమూ వాళ్ళ ఇంట్లో తరతరాలుగా ఉన్నవే. తెలుగూ కన్నడా సంస్కృతమూ ఆయన నోట్లో అన్నదమ్ములలాగా కలిసి కాపురం చేసేవి. ఆయన పద్ధతి ఏమిటంటే, చదువు ముందు చెవిలో పడాలి, తర్వాతే కంట్లో పడాలి. నాకు అంతకంటే ఏం కావాలి. దినమూ సాయంత్రం ఆయన అరుగు మీద కాళ్ళు మడుచుకుని కూర్చునేదాన్ని. ఆయన ఒక పాదం అనడం, నేను అప్పగించడం. రాగం తీయాల్సిన చోట తీసేదాన్ని, ఊపిరి పట్టాల్సిన చోట పట్టేదాన్ని. నెలకు పది చొప్పున పద్యాలు వచ్చేశాయి. ఆ మూడు నెలలూ తాత ముక్కు మీద నూలుదారంతో కట్టిన కళ్ళద్దాలు నాకెదురుగానే ఊగుతూ ఉన్నాయి. (ఆయన వాటిని సులోచనాలు అనేవాడు. ఒకే వస్తువుకు ఊరినిండా ఇన్ని పేర్లుంటే నావంటిది ఎలా బాగుపడుతుంది?)

ఇక్కడ ఇలా జరుగుతుండగా, అక్కడ బళ్ళో మైసూరు మేష్ట్రు నెలకొకసారి ఓపిగ్గా అడిగేవాడు. "కన్నడక ఎల్లమ్మా?" ఎల్లి అంటే ఎక్కడ అని. నా కన్నడ ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నాడనుకుని, మొదటి రెండుసార్లు "వస్తాండాది మేష్ట్రే" అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపాడు. మూడోసారి అడిగేనాటికి నాకు ధైర్యం వచ్చింది. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక పద్యం గొంతెత్తి చదివాను.  మేష్టారు చివరిదాకా విన్నాడు.

"పద్య చెన్నాగిదె," అన్నాడు, పద్యం బాగుందని. "కన్నడక ఎల్లి?"

ఒక్కదానితో తృప్తి పడలేదు కాబోలుననుకుని ఇంకొకటి చదివాను, ఈసారి రాగం ఇంకొంచెం సాగదీసి. వెనక బెంచీ పిల్లలు చప్పట్లు కొట్టారు. మేష్టారి మొహం ఎర్రబడిందో లేదో నాకు కనబడలేదు కానీ, గొంతు మారింది మాత్రం వినబడింది. రేపు మీ నాయనను వెంటబెట్టుకునే రావాలి, లేకుంటే రావద్దు అన్నాడు. ఇంటికి వెళ్ళే రెండు మైళ్ళూ ఏడుస్తూనే నడిచాను. ముప్పై పద్యాలు వచ్చినా చాలలేదంటే ఇక నేను కాయలు ఒలవడానికే పుట్టాననుకున్నాను. ఆ రోజు గడ్డిబొమ్మను కూడా పలకరించలేదు.

మర్నాడు నాయన ఉతికిన పంచె కట్టి, తలగుడ్డ చుట్టి, నా చెయ్యి పట్టుకుని బడికి వచ్చాడు. మొదట చక్కని కన్నడలోనే మొదలుపెట్టాడు. కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగిపోయాడు.

"ఇంగా ఎంత కన్నడ గావల్ల మేష్ట్రే మా పాపకు? ముప్పై పద్యాలు నేర్చింది. ఇంట్లో ఎనుములను గూడా కన్నడలోనే అదిలిస్తాండాది. ఇంగేం చెయ్యమంటారు?"

మేష్టారికి అందులో సగమే అర్థమైంది, కానీ అసలు సగమే అర్థమైనట్టుంది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ సున్నాలుగా చుట్టి తన కళ్ళకు పెట్టుకున్నాడు.

"కన్నడ అల్లప్పా," అన్నాడు నెమ్మదిగా, కన్నడ కాదని. "కన్నడక."

నాయన ఆ సున్నాల వంక చూశాడు. నా వంక చూశాడు. తర్వాత తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మేష్టారికీ నవ్వు అంటుకుంది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వుతుంటే, మధ్యలో నిలబడి నేను బడి ఉన్నట్టా పోయినట్టా అని తెలియక బిక్కమొహం వేశాను. ఆ కథను నాయన దారిపొడుగునా కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. శానుభోగు తాత మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, "దీన్ని ముక్కు మింద పెట్టుకోని మూడు నెలలు నీ ఎదురుగా కూచున్నానే, నాకన్నా తట్టలేదే" అని నొచ్చుకున్నాడు.

కంటి డాక్టరును చూడాలంటే చిక్కబళ్ళాపురం పోవాలి. అదే నా మొదటి బస్సు ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని రంగులు వెనక్కి పరుగెత్తడం చూస్తూ పోయాను. డాక్టరుగారు నన్ను ఒక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా గోడమీద ఉన్న అక్షరాలు చదవమన్నాడు. అక్షరాలనగానే పరీక్ష అన్నమాట. తాత శిక్షణ ఊరికే పోతుందా? అ ఆ ఇ ఈలతో అందుకుని, గుణింతాలు కూడా వదలకుండా, గుక్క తిప్పుకోకుండా అప్పగించేశాను. డాక్టరుగారు గోడవంక తిరిగి చూసుకున్నాడు. అక్కడ అలా రాసి లేదు. ఈ పిల్ల నాతో ఆటలాడుతోందా అని నాయనను అడిగాడు. నాయనకు మళ్ళీ నవ్వు వచ్చింది. అది కాదమ్మా, గోడ మీద ఉండేది చదువు, అన్నాడు. నేను గోడవైపు బాగా ముందుకు వంగి చూశాను. తెల్లటి గోడ, తెల్లగా ఉంది.

"అక్షరాలు యాడుండాయి నాయనా?" అన్నాను.

నాయన నవ్వు ఆగిపోయింది. ఆయన చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. తర్వాత డాక్టరుగారు ఎన్ని అద్దాలు మార్చినా ఆ చెయ్యి అక్కడే ఉంది. తిరుగు ప్రయాణంలో నాయన ఎవరికీ ఏ కథా చెప్పలేదు. నాకు రెండు సార్లు జామకాయలు కొనిపెట్టాడు. బస్సు బాగేపల్లి చేరబోతుండగా మాత్రం, నాతో కాదన్నట్టు కిటికీవైపు తిరిగి, "బడి మాన్పిస్తానంటి గదా" అనుకున్నాడు.

అద్దాలు బెంగుళూరు నుంచి తయారై రావడానికి పదిహేను రోజులు పట్టింది. మళ్ళీ చిక్కబళ్ళాపురం పోయి, డాక్టరుగారి చేతులమీదుగానే పెట్టించుకున్నాను. గుండ్రటి అద్దాలు, నల్లటి చట్రం, నా మొహంలో సగానికి అవే ఉన్నాయి. వీధిలోకి రాగానే తూలి పడబోయాను. ప్రతిదానికీ అంచు వచ్చింది. కొండమీద బండలున్నాయి, బండల మధ్య పొదలున్నాయి. అంగళ్ళ మీద పేర్లు రాసి ఉన్నాయి. వాటిని ఒక్కటి వదలకుండా బస్సు స్టాండు దాకా గట్టిగా చదువుతూ పోతుంటే జనం ఆగి చూశారు. నాయన నన్ను ఆపలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మా ఊరి మలుపులో బస్సు దిగాక జరిగింది. అమ్మ మా వాకిట్లో నిలబడి ఉంది. మాకూ ఆమెకూ మధ్య ఒక చేనంత దూరం. ఆమె ఇంకా నన్ను పిలవలేదు, గాజుల చప్పుడు కూడా అంత దూరం రాదు. అయినా అమ్మ నవ్వుతోందని నాకు తెలిసింది. అంతవరకూ నవ్వు దగ్గరికొస్తేనే ఉంటుందనుకున్నాను. మనం చేరకముందే, ఒక్క మాటా అనకముందే, అంత దూరం నుంచే మనకోసం మనుషులు నవ్వుతారని నాకు ఆ రోజే తెలిసింది. మళ్ళీ మలుపు దాకా పరుగెత్తి పోయి, వెనక్కి తిరిగి ఇంకోసారి చూశాను. ఇంకా నవ్వుతూనే ఉంది.

కష్టాలు లేకపోలేదు. బళ్ళో పిల్లలు సోడాబుడ్డి అని పేరు పెట్టారు. అవ్వ నన్ను కిందా మీదా చూసి, అమల్దారు మాదిరి ఉండావు అని, అంత చూపు వచ్చింది కాబట్టి ఇంటిల్లిపాది బియ్యంలో రాళ్ళు ఏరే పని నాకు ఒప్పగించింది. మైసూరు మేష్ట్రు మాత్రం నన్ను మొదటి బెంచీలోంచి లేపి చిట్టచివరి బెంచీలో కూర్చోబెట్టి, నల్లబల్ల మీద ఒక వాక్యం రాసి చదవమన్నాడు. చదివాను. పద్యం కూడా చదవమన్నాడు. అదీ చదివాను.

ఆ తర్వాత ఏటేటా కన్నడలో నేనే మొదటిదాన్ని. అదే పట్టుకుని చదువుకుంటూ పోయి, చింతామణిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు కన్నడ పాఠాలు చెప్పి ఉద్యోగం విరమించాను. ఒక్క అక్షరం సరిగ్గా వినకపోవడం వల్ల ఇంత లాభపడిన మనిషి మా జిల్లాలో ఇంకొకరు ఉండరని నా నమ్మకం.

పోయిన ఏడు రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. లోపల ఏవో అద్దాలు పెట్టామనీ, ఇక దూరపు చూపుకు కళ్ళజోడు అవసరమే లేదనీ ఆ కుర్ర డాక్టరమ్మ నాకేదో బహుమానం ఇస్తున్నట్టు చెప్పింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఎవరో ముసలమ్మ, ముక్కుకు రెండు పక్కలా రెండు గుంటలతో, నాకు పరిచయం లేనట్టు చూస్తోంది. వారం రోజులు ఓపిక పట్టాను. తర్వాత అంగడికి పోయి, పవరు లేని మామూలు గాజుముక్కలతో గుండ్రటి కళ్ళజోడు ఒకటి చేయించుకుని పెట్టుకున్నాను. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఏమీ చూపించని అద్దాలెందుకు అవ్వా అని. నవ్వనీ పాపం. గదికి ఆ మూల నుంచి నవ్వుతోంది, ఇక్కడికి బాగానే కనిపిస్తోంది.