దిబ్బ దగ్గర భోజనాలు

మొన్న తాడేపల్లిగూడెంలో చేపల పెట్టెలు దింపి, ఖాళీ ట్రాలీ ఆటోతో తిరిగి వస్తూ ఊరి చివర ఒక లేఅవుటు దగ్గర ఆగాల్సి వచ్చింది. టిప్పర్ లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి వెళ్ళి, తొట్టి పైకెత్తి మట్టి దింపింది. ఆ మట్టి నేల మీద పడుతూనే ఒక వాసన వచ్చి ముక్కుకి తగిలింది. నిలవ నీరు, కుళ్ళిన తుంగ, ఎండిన నత్తగుల్లలు కలిసిన వాసన. కళ్ళకి గంతలు కట్టినా దాన్ని గుర్తుపట్టగలను. నల్లటి మట్టిలో గుల్లలు తెల్లగా మెరుస్తున్నాయి. "ఎక్కడి మట్టండీ ఇది?" అని అక్కడి కాపలాదారుని తెలిసే అడిగాను. "కొల్లేటి మట్టండీ. ఎంత సత్తువనుకున్నారు! మొక్క పాతితే చాలు, లేచిపోద్ది" అన్నాడు, సొంత పొలంలోంచి తెచ్చినంత గర్వంగా. ఆ సత్తువలో మా తాతలు కూడా కలిసి ఉండొచ్చండీ అని చెబుదామనుకున్నాను. చెబితే పాపం ఆయన రాత్రి డ్యూటీ మానేస్తాడని ఊరుకున్నాను. నోటి దాకా వచ్చిన మాటని మింగడం నా ఇంటా వంటా లేదు. అది సత్యానందం గారి దగ్గర అంటుకున్న జబ్బు.

సత్యానందం గారు కొల్లేటి మధ్య మా లంకలో మా పక్కింటాయన. పెదనాన్నగారూ అని పిలిచేవాణ్ణి. ఏలూరులో ఒక హాస్టలుకి చాలా ఏళ్ళు వార్డెనుగా చేసి, రిటైరయ్యాక కరుణమ్మ పెద్దమ్మని తీసుకుని ఊరికి వచ్చేశారు. చిన్నప్పుడు నన్ను ఆ హాస్టల్లో చేర్పించింది ఆయన. ఏడో తరగతిలో గోడ దూకి పారిపోయింది నేను. ఎవరి పని వాళ్ళం సక్రమంగా చేశాం. ఆయనకి ఒకటే పిచ్చి. ఎంత గొడవైనా అన్నం తిన్నాకే మాట్లాడాలి. హాస్టల్లో పిల్లలు కొట్టుకుంటే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకడి కంచంలో ఇంకొకడి చేత వడ్డింపించేవారు. సగం గొడవలు పప్పు దగ్గరే తీరిపోయేవి, మొండివి మజ్జిగ దాకా వచ్చేవి. దాంతో ఆయన లోకమంతా హాస్టలే అనుకున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా లంకకి ఆనుకుని ఒక దిబ్బ ఉంది. చూడటానికి ఏముంటుంది, తుమ్మలు, గడ్డి, మేకలు. కానీ కొల్లేరు పొంగి ఇళ్ళల్లోకి నీళ్ళొస్తే గొడ్డూ గోదా, ముసలీ ముతకా ఎక్కి నిలబడేది దాని మీదే. పోయినవాళ్ళని పెట్టేదీ అక్కడే. ఒక పక్కన మా చర్చి వాళ్ళ సిలువలు, రెండో పక్కన మిగతా వాళ్ళ సమాధులు. బతికినా చచ్చినా మాకు పొడి నేల అంటే అదొక్కటే. దాని పక్కన ఉన్న చెరువుని లోతు చేసుకోవడానికి ఒక కాంట్రాక్టరు పర్మిషన్ తెచ్చుకున్నాడు. చెరువులో దిగితే బురద, పక్కనే దిబ్బ చూస్తే అమ్ముకోవడానికి సిద్ధంగా ఆరిన మట్టి. కాగితం చెరువుది, పొక్లెయిన్ మాత్రం దిబ్బ మీదికి ఎక్కింది.

మొదటి రోజు ఊరంతా కర్రలు పట్టుకుని వెళ్ళాం. ముందు నేనే ఉన్నాను, కర్ర కాస్త చిన్నదే అనుకోండి. పొక్లెయిన్ ఆపరేటరు అత్తిలి వైపు కుర్రాడు, శీను. కేబిన్ లోంచి దిగకుండా బిక్కచచ్చిపోయి చూస్తున్నాడు. అప్పుడు సత్యానందం గారు మా మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, తలెత్తి, "భోజనం వేళయింది కదండీ. చేతులు కడుక్కుని వద్దురుగాని రండి" అన్నారు.

"వద్దండీ. పనుందండీ" అన్నాడు శీను.

"పనెక్కడికీ పోదండీ. దిబ్బ కూడా పోదు, మీరు తవ్వితే తప్ప. కొర్రమీను పులుసు చల్లారిపోతుంది, అదీ నా బాధ."

కర్రలు పట్టుకున్న మేమంతా వెర్రిమొహాలు వేసుకుని చూస్తుండగా శీనుని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. వరండాలో చాప వేసి, నన్ను కూడా అతని పక్కనే కూర్చోమన్నారు. "నాకు ఆకలి లేదండీ" అన్నాను కోపంగా. "అయితే వడ్డించు" అన్నారు. వడ్డించాను. పులుసు గరిటెతో ఆ కుర్రాడి నెత్తిన ఒకటి వెయ్యాలని ఎంత అనిపించిందో దేవుడికి తెలుసు. తింటుంటే పెదనాన్నగారు తీరిగ్గా దిబ్బ గురించి చెప్పారు. తన తల్లిని ఎక్కడ పెట్టారో, మా నాన్న ఎక్కడ ఉన్నాడో, నీళ్ళొచ్చిన ఏడాది ఏ ఆవు ఎక్కడ ఈనిందో. శీను రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. చెయ్యి కడుక్కుని, "ఈ దిబ్బ నేను తవ్వలేనండీ. ఓనరు గారికి బండి బాగోలేదని చెప్తాను" అని యంత్రాన్ని దింపుకుని వెళ్ళిపోయాడు.

ఊరంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఇంకో ఆపరేటరు వచ్చాడు. అతనికీ భోజనం. టిప్పర్ డ్రైవర్లు వచ్చారు. వాళ్ళకీ భోజనం. కొందరు తిని వెళ్ళిపోయారు, కొందరు తిని కూడా తవ్వారు. కరుణమ్మ పెద్దమ్మకి పొయ్యి దగ్గర నడుం పడిపోయింది. "ఏవండీ, మనుషులకి ఎలాగూ పెడుతున్నారు. ఆ పొక్లెయిన్ కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. దానికీ ఒక విస్తరి వెయ్యమంటారా?" అంది ఒకరోజు. ఆయన నవ్వి, "తింటుందంటావా?" అన్నారు. ఈ మనిషితో పోట్లాడలేక ఆవిడ నా మీద పడింది. "నువ్వైనా చెప్పొచ్చు కదరా ప్రసాదూ, పెద్ద మాటకారివి!" నా మాట ఆయన వింటే నేను హాస్టలు గోడ ఎందుకు దూకుతాను?

వేసవి ముదిరాక కొత్త ఆపరేటర్లు వచ్చారు. పెదనాన్నగారు మామూలుగానే వెళ్ళి పిలిచారు. వాళ్ళు తల అడ్డంగా ఊపి, సీటు వెనకనుంచి కారియర్లు తీసి చూపించారు. ఒకతను సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పేశాడు. "ఈ ఊళ్ళో మంచినీళ్ళు కూడా ముట్టుకోవద్దని ఓనరు గారు గట్టిగా చెప్పారండీ. తిన్నవాళ్ళల్లో సగం మంది మళ్ళీ పనికి రావట్లేదంట." అది విని నాకు నవ్వాగలేదు. మా పులుసుకి భయపడి కాంట్రాక్టరు కారియర్లు కట్టించాడు! ఆయన మాత్రం నవ్వలేదు. మనిషి పెట్టిన అన్నాన్ని మనిషి వద్దనగలడని ఆయనకి ఆ వయసులో తెలిసింది. ఆ వేసవిలోనే దిబ్బ సగం పోయింది. మిగిలిన సగం కత్తితో కోసిన రొట్టెలా నిలువుగా నిలబడింది.

ఇక అర్జీ పట్టుకుని ఏలూరు ఆఫీసులు. పెదనాన్నగారిని నా ట్రాలీలోనే తీసుకెళ్ళేవాణ్ణి. చేపల వాసన రాకుండా వెనక చాప పరిచేవాణ్ణి, అయినా వచ్చేది. మొదటి ఆఫీసులో నీళ్ళు మావి, మట్టి మాది కాదన్నారు. రెండో ఆఫీసులో మట్టి మాదే గాని నీళ్ళ పక్కనున్న మట్టి మాది కాదన్నారు. మూడో చోట పక్షులు వాలిన మేరకి మాది, మనుషులున్న మేరకి మీరు వేరే చోట అడగాలన్నారు. "మేము కూడా ఎగిరొచ్చి వాలితే చూస్తారాండీ?" అన్నాను. పెదనాన్నగారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశారు. మెట్ల మీద కూర్చోబెట్టి మెల్లగా అన్నారు. "విసుగు వస్తుందిరా. రావాలి కూడా. కాకపోతే వాళ్ళకి వచ్చాక మనకి రావాలి. ముందు మనకే వచ్చేస్తే వాళ్ళు హాయిగా ఇంటికెళ్ళిపోతారు." అర్జీ చేత్తో పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఆయనకి విసుగు రావడం నేను చూడలేదు. ఆయన వంతు కూడా నేనే పడ్డాను. వానలు పడి లారీలు దిగబడి తవ్వకం ఆగిపోతే, మా అర్జీ వల్లే ఆగిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళం. ఎండలు రాగానే మళ్ళీ మొదలయ్యేది.

ఆయనకి గుండె జబ్బు ముదిరి ఏలూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్ళాను. పెద్దమ్మ మందులకి బయటికి వెళ్ళింది. నన్ను దగ్గరికి రమ్మని, "ఒరే, నన్ను మా అమ్మ వరసలో పెట్టొద్దు. కోసేసిన అంచు ఉంది చూడు, సరిగ్గా అక్కడ పెట్టండి" అన్నారు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. దిబ్బ మీద ఇక ముందుకి రావాలంటే పొక్లెయిన్ ఆయనతోనే మొదలుపెట్టాలి. అయినా నా నోరు ఊరుకోదు కదా. "అక్కడ మట్టి నిలవదు పెదనాన్నగారూ. గట్టి వాన పడితే మీరు చెరువులోకి జారిపోతారు" అన్నాను.

"ఈతొచ్చుగా" అన్నారాయన.

జీవితంలో ఆయన దగ్గర మాటలో నేను ఓడిపోయింది ఆ ఒక్కసారే. ఆ వారంలోనే పోయారు.

అంచున గొయ్యి తవ్వుతుంటే గ్రామ సచివాలయం నుంచి కుర్ర ఉద్యోగి ఒకడు వచ్చాడు. ఇది రికార్డులో సరస్సు కింద ఉందండీ, తవ్వాలంటే పర్మిషన్ ఉండాలండీ అన్నాడు. తప్పు అతనిది కాదు, ఎవరో వెళ్ళమంటే వచ్చాడు. కానీ ఇన్నేళ్ళుగా పడ్డ విసుగంతా అతని నెత్తినే పడింది. "లారీలతో తోలుకుపోతుంటే ఆ రికార్డు నిద్రపోతోందా అండీ? మాకు ఆరడుగులు చాలండీ. ఒక్క లోడు కూడా బయటికి పోదు. తవ్విన మట్టి తవ్విన చోటే పోస్తాం. మధ్యలో ఒక మనిషిని పెడతాం, అంతే!" అతను తల దించుకుని చెప్పులు విడిచి మాతో పాటు నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక పెద్దమ్మ ఆ అంచుని, కింద నీళ్ళని చూసింది. "బతికున్నన్నాళ్ళూ లారీల వాళ్ళకి వండించారు. ఇప్పుడు వాళ్ళకి అడ్డంగా వెళ్ళి పడుకున్నారు. మరి నాకు చోటెక్కడరా ఇక్కడ? ఆ సంగతేమైనా చెప్పారా నీకు?" అంది. చెప్పలేదు పెద్దమ్మా అన్నాను. "ఎందుకు చెప్తారు" అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ కోపం ఇప్పటికీ తీరలేదు. తీరాలని నేనూ అనను.

ఆ తర్వాతి వేసవిలో పొక్లెయిన్ వచ్చింది. ఇంజను చప్పుడు విని ఆటో వదిలేసి పరిగెత్తాను. దారిలో నాలుగు తిట్లు, రెండు వెటకారాలు సిద్ధం చేసుకున్నాను. వెళ్ళేసరికి ఆపరేటరు కిందికి దిగి పెదనాన్నగారి సిలువ ముందు నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "లేదండీ, కుదరదండీ. ఇక్కడ మనిషి ఉన్నాడండీ" అంటున్నాడు. అవతలివాళ్ళు గట్టిగా అరుస్తున్నారు, నాకు వినపడుతూనే ఉంది. అతను నా వైపు తిరిగి, "పక్కనించి కానివ్వమంటున్నారండీ. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

సిద్ధం చేసుకున్నవాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. వెళ్ళి పెదనాన్నగారి పక్కన నేల మీద కూర్చున్నాను. ఆపరేటరు కేబిన్ ఎక్కి ఇంజను ఆపేశాడు. ఆ రోజుకి అంతే. మళ్ళీ వస్తారు, వస్తూనే ఉన్నారు. ఎండలు మొదలైతే నేనూ బేరాలు వదులుకుని అక్కడికే పోతున్నాను. గోడ దూకి పారిపోయినవాణ్ణి ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడానికి ఆ పెద్దమనిషికి ఇంత పని పట్టింది. వీపు మాడిపోతుంది, చీమలు కుడతాయి, బేరం పోతుంది. విసుగంటే అంతా ఇంతా కాదు. లేచి వెళ్ళిపోవాలని మాత్రం అనిపించదు.