హామ్‌స్టర్ కదిలింది, పుట్టగొడుగు కదల్లేదు

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది ఆగస్టులో, జర్మనీలోని లైప్‌జిగ్ నగర శివార్లలో గోదాము కట్టబోయే ఒక స్థలం సర్వే నాకు అప్పగించారు. పర్యావరణ నివేదికలు రాసే చిన్న సంస్థలో క్షీరదాల విభాగం నాది. నిర్మాణానికి అనుమతి ఇచ్చే ముందు ఆ నేల మీద ఏయే జీవులున్నాయో అధికారులకు రాసివ్వడం మా పని.

గోధుమ కోత అయ్యాక చేనంతా వరసగా నడిచి బొరియలు వెతికాం. పొలాల్లో ఉండే హామ్‌స్టర్ ఎలుకల వర్గానిదే గానీ, దాని బొరియ నిటారుగా బావిలా దిగుతుంది. అవి దొరికాయి. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జంతువు, పైగా ఐరోపా చట్టం రక్షణ. ఇంకేముంది, గోదాము ఆగినట్టే అనుకున్నాం.

అక్టోబరులో చేను పక్కనే, ఎరువు ఎరగని పాత పచ్చిక మీద జర్మన్లు జాఫ్ట్‌లింగ్ అని పిలిచే ఎర్రటి పుట్టగొడుగులు లేచాయి. కనిపెట్టింది పద్మ. వరంగల్ అమ్మాయి, బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద మా దగ్గర శిలీంధ్రాలు చూసేది. శిలీంధ్రాలది వేరే రాజ్యం. మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టాలు. అయినా మా ఆఫీసు వాటిని మొక్కల పట్టికలోనే వేసేది, పద్మకు ఒళ్లు మండేది. ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఈ పుట్టగొడుగు హామ్‌స్టర్‌కన్నా రెండు మెట్లు కింద. కానీ అంత గుంపును ఆమె జర్మనీలో మరెక్కడా చూడలేదు. ఆ పచ్చికను వదిలేసేలా గోదాము నమూనా మార్చమని నివేదికలో అడుగుదామంది. గోదాము ఆపడానికి హామ్‌స్టర్ ఒక్కటి చాలు, రెండూ బతుకుతాయని నేనూ మా అధిపతీ అన్నాం.

ఆమె ఒకటే అడిగింది: "మేడమ్, హామ్‌స్టర్‌ను పట్టుకపోయి ఇంకో చేన్ల ఇడుస్తరు. దీన్నెట్ల తీస్తరు? భూమిల దారాల్లెక్క అల్లుకొని ఉంటది."

అచ్చం అలాగే జరిగింది. గోదాము కట్టే కంపెనీ హామ్‌స్టర్ల కోసం వేరే చేను కౌలుకు తీసుకుని, చట్టం నుంచి మినహాయింపు తెచ్చుకుంది. వసంతంలో బోనులు పెట్టి హామ్‌స్టర్లను తరలించింది కూడా మేమే. ఇక పుట్టగొడుగుకు ఉన్నది దేశ చట్టం రక్షణ మాత్రమే. చోద్యం చూడండి, ఒక్కటి కోస్తే జరిమానా. అనుమతి తీసుకుని మొత్తం మీద తారు పోస్తే తప్పు లేదు. పచ్చిక లారీల పార్కింగ్ అయింది. పద్మ మాతో గొడవ పడలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

జాబితాలు ఏ జీవికి ఎంత ముప్పుందో చెబుతాయి, అంతే. స్థలం నిలవాలంటే వాదించాల్సింది అక్కణ్ణుంచి ఎక్కడికీ పోలేని జీవి తరఫున.