పట్టికల బ్యాడ్జీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాతికేళ్ళుగా లెక్కలు చెప్తున్నదాన్ని. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, పిల్లలు నోళ్ళు మూసుకుని పుస్తకాలు తెరుస్తారని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

మా హైస్కూలు చల్లపల్లి అవతల, మగ్గాలున్న ఒక ఊళ్ళో ఉంది. నేను విజయవాడ నుంచి బస్సులో వెళ్ళొస్తాను. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన ముక్కుకి తగిలితే సగం దూరం అయిందని లెక్క. ఒక ఏడు ఎవరో సంస్థవాళ్ళు బడికి పది కంప్యూటర్లిచ్చి, వాటితో పాటు డిజిటల్ బ్యాడ్జీలని ఒకటి అంటగట్టారు. టైపింగు వస్తే ఒక బ్యాడ్జీ, ఉత్తరం రాయడం వస్తే ఒకటి, పట్టికలు వెయ్యడం వస్తే ఒకటి. బ్యాడ్జీ అంటే ఏమీ లేదు, తెర మీద పిల్లల పేరు పక్కన గుండ్రంగా ఒక రంగుబిళ్ళ వెలుగుతుంది. మొదట్లో తల్లులు అది చొక్కాకి పెట్టుకునేదనుకుని, ఇంటికి ఎప్పుడిస్తారండీ అని అడిగారు. లెక్కల టీచర్ని కదా, ఆ బరువు నా నెత్తినే పడింది. విసుక్కుంటూనే చేశాను. కానీ ఆ బిళ్ళ కోసం పిల్లలు మధ్యాహ్నం అన్నం గబగబా మింగేసి పరిగెత్తుకొస్తుంటే ముచ్చటేసేది, అబద్ధమెందుకు.

వాళ్ళలో ఒకమ్మాయి తొమ్మిదో తరగతి. నోట్లో నాలుక లేని పిల్ల. తండ్రి నేతగాడు. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చీర అంచులకి ఆయన సొంతంగా కట్టుకున్న డిజైను ఒకటుంది. మొగ్గా కాదు, మామిడిపిందే కాదు, రెంటికీ మధ్యలో ఏదో. అలాంటి డిజైను మగ్గం ఎక్కాలంటే ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ వెయ్యాలి. ఆ గళ్ళని బట్టి అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే అంచులో బొమ్మ పడుతుంది. ఆ ఏడు వానలకి కాలవ పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చి, అట్టలూ కాగితమూ అన్నీ నాని ముద్దయిపోయాయి. నేసిన చీరలు ఎప్పుడో ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయాయి. ఇక ఆ అంచు మిగిలింది ఆయన తలలోనే. మగ్గం మీద కూర్చోవడానికి భార్య ఉంది. అంచు కాగితం మీదకి వస్తే చాలు, ఆమె నేస్తుంది.

అందుకని ఆయన రోజూ సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. మూడు ఎరుపు, ఒకటి ఖాళీ, రెండు పసుపు. మాట కూడా ముద్దగా వచ్చేది. మధ్యలో ఒక వరస మర్చిపోయానని గుర్తొచ్చేది, మళ్ళీ మొదటికి. చెరిపి చెరిపి గళ్ళ కాగితాలకి చిల్లులు పడుతుంటే ఆ పిల్లకి నా క్లాసు గుర్తొచ్చింది. పట్టికలో ఉన్న వరసలు చెక్కుచెదరకుండా మధ్యలో కొత్త వరస చేర్చడం నేనే నేర్పాను. కంప్యూటర్లోనూ గళ్ళే, మగ్గానికీ గళ్ళే. అంత తెలివి నాకు తట్టలేదు, దానికి తట్టింది. సాయంత్రం నాన్న చెప్పిన ఐదారు వరసలూ బట్టీపట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం వచ్చి తన ఫైల్లో గళ్ళకి రంగులు నింపేది. రెండు నెలలు అలా చేసిందట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాతో ఎందుకు చెప్పలేదంటే, నేనంటే భయం కనక.

బ్యాడ్జీలు చూడ్డానికి సంస్థవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. ఆ ఉదయం ఒక్కొక్కరి ఫైలూ తెరిచి చూస్తున్నాను. అందరూ మార్కుల పట్టికలు వేశారు. ఈ పిల్ల ఫైలు తెరిస్తే కింది దాకా ఎరుపూ పసుపూ ఆకుపచ్చా గళ్ళు. నా ఒళ్ళు మండిపోయింది. పిలిచి, ముగ్గులు వేసుకోవడానికా నీకు కంప్యూటరిచ్చింది అని అందరి ముందూ దులిపేశాను. "మేడం, అది మా నాన్న..." అంది. మీ నాన్నతో తర్వాత మాట్లాడతానులే అన్నాను. మొత్తం సెలెక్ట్ చేసి, డిలీట్ కొట్టి, సేవ్ చేసి, ఇందులోనే మార్కుల పట్టిక వెయ్యమన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. కూర్చుని అరగంటలో పట్టిక వేసేసింది. కూడికలు, సగటు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. దాని పేరు పక్కన బిళ్ళ వెలిగితే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత రెండు మధ్యాహ్నాలు వచ్చింది. మూడో రోజు నుంచి రాలేదు. వాళ్ళ నాన్నకి మళ్ళీ పక్షవాతం వచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయారని క్లాసులో పిల్లలు చెప్పారు.

పెద్దకర్మ అయ్యాక పలకరించడానికి వెళ్ళాను. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట మీద చాప కప్పి ఉంది. తల్లి నాకు కుర్చీ వేసి, తను గడప దగ్గర కూర్చుంది. అంచు సంగతీ, గళ్ళ సంగతీ అప్పుడే, ఆవిడ నోటి వెంటే విన్నాను. అది చెరిపేసింది నేనేనండీ అని చెప్పేశాను. తిట్టాలని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"తెలుసండి. పిల్ల నాకు చెప్పింది," అంది. "ఆయనకి మాత్రం కరెంటు పోయి గళ్ళన్నీ చెరిగిపోయాయని చెప్పిందండి. మీ మీద కోపం పెట్టుకుంటారని. పోన్లే అమ్మా, మళ్ళీ మొదలెడదాం అన్నారు. రెండు సాయంత్రాలు చెప్పారు," అంది.

పిల్ల లోపల గిన్నెలు తోముతోంది. బయటికి రాలేదు. నేనూ పిలవలేకపోయాను. బస్సెక్కాక ఏడిచాను. పక్కావిడ నీళ్ళ సీసా ఇచ్చింది.

ఊరుకోలేక ఆ కంప్యూటర్ని విజయవాడ తీసుకెళ్ళి రిపేరు షాపులో చూపించాను. పాతదాని మీదే కొత్తది సేవ్ చేశారు కదండీ, ఇంకేం మిగుల్తుంది అన్నాడు ఆ అబ్బాయి. రెండు రోజులు ఉంచుకుని మార్కుల పట్టికే తిరిగిచ్చాడు.

ఆ పిల్ల బడికొచ్చిన రోజు మధ్యాహ్నం నా టేబులు దగ్గరికొచ్చి నిలబడింది. నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగాలని ఎన్నో రోజులుగా అనుకుంటున్న మాటలు మొదలుపెట్టబోయాను. అదే ముందు అడిగింది.

"మేడం, చెరిపేసింది మళ్ళీ తెప్పించడం నేర్పే బ్యాడ్జీ ఏదన్నా ఉందాండి?"

దెప్పడం కాదు. నిజంగానే అడిగింది. ఉంటే అదీ నేర్చుకునేది.

లేదమ్మా అన్నాను. తప్పు నాది అని కూడా అన్నాను, అది విన్నదో లేదో తెలియదు. సరేనండి అని వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. తండ్రి రెండోసారి చెప్పినవి పదకొండు వరసలు. ఆ వరసలున్న ఫైలు తెరిచింది. రంగులేమీ వెయ్యలేదు. సేవ్ కొట్టి మూసేసింది. మళ్ళీ తెరిచి, ఉన్నాయో లేవో చూసుకుని, మళ్ళీ సేవ్ కొట్టింది.