ఇస్సాకు గారి ‘ఆఁ’

2022 వానాకాలం. అప్పటికి నేను స్పీచ్ థెరపిస్టుగా పని మొదలుపెట్టి పదకొండేళ్లు. వారంలో నాలుగు రోజులు సూర్యాపేటలో, శుక్రవారం కోదాడలో, శనివారం మిర్యాలగూడలో కూర్చునేదాన్ని. స్పీచ్ థెరపిస్టు అంటే నత్తి మాన్పించే ఆమె అనే చాలామంది అనుకుంటారు. నా పనిలో సగం పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లతోనే అంటే, "మాటకు గూడ దవాఖాన ఉంటదా?" అని నోరు తెరుస్తారు. ఇక్కడ చెప్పేది మిర్యాలగూడ కేసు. పేర్లు మార్చాను.

ఇస్సాకు గారికి యాభై ఎనిమిదేళ్లు. రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆ ఎండాకాలంలో మెదడు ఎడమ వైపు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. మాట పోవడాన్ని మేము అఫేసియా అంటాం. ఇందులో నాలుక బాగానే ఉంటుంది, మనిషికి తెలివీ ఉంటుంది, కానీ లోపలున్న మాటలు బయటికి రావు. మనం పొడుగ్గా మాట్లాడితే అర్థం చేసుకోవడం కూడా వాళ్లకు కష్టమవుతుంది. ఇది తెలియక ఇంటివాళ్లు చెవి దగ్గర నోరుపెట్టి అరుస్తుంటారు.

ఆయన్ను తీసుకొచ్చేది భార్య సువార్తమ్మ. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మొదటి రోజే నా మెడలో సన్నటి శిలువ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీరు గూడ మనోళ్లేనా మేడం? ఇంకేంది మరి! మీరు ఓ చెయ్యి వేయుండ్రి, నేను మోకాళ్లేసి ప్రార్థన చేస్త. మాట రాకుండ ఎట్ల ఉంటదో సూద్దాం."

స్ట్రోక్ రాకముందు వాళ్ల సంఘంలో పెద్ద ప్రార్థన చేసేది ఇస్సాకు గారేనట. ఆయన మొదలుపెడితే పిల్లలు ఒక నిద్ర తీసి లేచినా ఆమేన్ వచ్చేది కాదని సువార్తమ్మ ఆయన ముందే చెప్పి నవ్వింది. ఆయనా నవ్వారు. మూతి ఒక పక్కకే కదిలింది. ఆమె కొంగుతో ఆయన పెదవి అంచు తుడిచింది.

రెండు నెలలు గడిచాయి. నేను చెయ్యాల్సింది చేశాను. సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఫలితం మాత్రం శూన్యం. తర్వాత ఒక శనివారం, గ్లాసు చూపించి "నీళ్లు కావాలా?" అని అడిగితే, ఆయన నోటినుంచి గట్టిగా, స్పష్టంగా "ఆఁ" అని వచ్చింది. మళ్లీ అడిగాను. "ఆఁ." నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సువార్తమ్మ ఆ రోజు వంట పనికి పోయి, ఆయన్ను ఆటోలో పంపింది. వెంటనే ఫోన్ చేశాను.

"సువార్తమ్మా, మీ ఆయన జవాబు చెప్తున్నారు! ఇక ఏదైనా అడగండి, ఔనో కాదో చెప్తారు."

అక్కడే నేను తప్పు చేశాను. ఇలాంటప్పుడు యెస్-నో రిలయబిలిటీ అనే ఒక పరీక్ష ఉంటుంది. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్నలు, సగం ఔను అనాల్సినవి, సగం కాదు అనాల్సినవి, కలిపి అడగాలి. పది నిమిషాల పని. అది చెయ్యకుండా ఇంటివాళ్లకు ఏమీ చెప్పకూడదు. చదువుకున్నాను, జూనియర్లకు పాఠం కూడా చెప్పాను. ఆ రోజు సంతోషంలో వచ్చే వారం చేద్దాంలే అనుకున్నాను.

వాళ్లు మళ్లీ వచ్చింది నెల తర్వాత. ఇస్సాకు గారు కుర్చీలో కూర్చుని గోడవైపు తిరిగారు. బొమ్మలు చూపిస్తే కళ్లు మూసుకున్నారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సువార్తమ్మ బయట మెట్ల మీద, గదికి వీపు పెట్టి కూర్చుంది. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"ఏమైందమ్మా?"

ఆమె రోడ్డువైపు చూస్తూనే చెప్పింది. "మీరు ఫోన్ చేసినంక సంఘపెద్ద రూబేను గారు ఇంటికొచ్చిండు. ఇంతమందిమి ఉపవాసముంటున్నం, ఎందుకు వింటలేడు దేవుడు, మీ ఇంట్ల ఒప్పుకోని పాపమేదో అడ్డం పడ్డది అన్నడు. ఆయన్నే అడిగిండు. దాచిన పాపమున్నదా ఇస్సాకూ అంటే ఆఁ అన్నడు. తాగుడా అంటే ఆఁ. ఇంకో ఆడిమనిషా అంటే..." ఆమె కొంగు నోటికి నొక్కుకుంది. "ఆఁ అన్నడు మేడం. ముప్పై ఏండ్లు కాపురం చేసిన నేను."

ఆ నెల మొదటి ఆదివారం సంఘంలో ఆయనకు ప్రభువు బల్ల ఆపేశారు. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం అందరి దగ్గరికీ వచ్చి ఆయన్ను దాటిపోయింది. చివరి వరసలో కూర్చోబెట్టారు. ఇంట్లో సువార్తమ్మ కంచం ముందు పెట్టి అవతలికి వెళ్లిపోతోంది. ఆయనతో మాట బంద్ చేసింది.

"ఇన్ని దినాలు గోడకు మొక్కిన. ఇగ తెల్సింది దేవుడెందుకు పలకలేదో," అంది.

ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ఆయన ఎదురుగా నిలబెట్టాను.

"ఇస్సాకు గారూ, ఇది మిర్యాలగూడనా?"

"ఆఁ."

"ఇది హైదరాబాదా?"

"ఆఁ."

"నేను మీ అమ్మనా?"

"ఆఁ, ఆఁ." ఎడమ చేత్తో బల్ల మీద కొడుతున్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

సువార్తమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. మెల్లగా వంగి అడిగింది. "ఏమయా, నేను సచ్చిపోయిన్నా?"

"ఆఁ."

ఆమెకు ముందు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయి, కింద కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకుంది. ఆయన నోరు పలికేది ఆ ఒక్క శబ్దమే, ఔననాలన్నా కాదనాలన్నా అదే వస్తుందని చెప్పాను. తప్పు రూబేను గారిదీ కాదు, ఆమెదీ కాదు, పరీక్షించకుండా భరోసా ఇచ్చిన నాదేనని కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే రెండు అట్టముక్కలు చేశాను. ఒకదాని మీద పచ్చ టిక్కు, ఇంకోదాని మీద ఎర్ర ఇంటూ. నోరు వదిలేసి వేలితో జవాబు చెప్పడం నేర్పాను. ప్రశ్న చిన్నగా అడగాలి, అడిగాక ఊరుకోవాలి. మనసులో పది లెక్కపెట్టాలి, మళ్లీ అడగకూడదు. ఇంటివాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టం. ఈసారి పరీక్షలన్నీ చేశాను. ఐదో వారానికి పదింటికి తొమ్మిది సరిగ్గా చూపించారు.

"ఇప్పుడు మీరు అడగండి," అన్నాను సువార్తమ్మతో. ఆ ప్రశ్నే అడుగుతుందేమోనని లోపల భయపడ్డాను.

ఆమె అట్టలు ఆయన ముందు సరిగ్గా పెట్టింది. "నా మీద కోపమున్నదా?"

పది కాదు, రెండు లెక్కపెట్టేలోపే వేలు టిక్కు మీద పడింది.

"ఉండాలె. లేకుంటె నువ్వు మనిషివే గాదు," అంది ఆమె. "పక్కన కూసోని తింట, తినిపిస్త. సరేనా?" వేలు అక్కడే ఉంది.

వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగింది. "పాపం లేదు సరే. మరి దేవుడెందుకు వింటలేడు మేడం?"

నాకు తెలియదన్నాను. కరోనాలో మా నాన్న కోసం మా సంఘమంతా పద్దెనిమిది రోజులు ప్రార్థించింది. ఆయన పోయాక, మీ విశ్వాసం చాలలేదమ్మా అని ఒకాయన నాతో అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకునే ఉందని చెప్పాను.

"మీకు గూడ చెప్పలేదా దేవుడు?" అని జాలిగా చూసింది. "అయితే ఇద్దరం అడుగుదాం తియ్."

తర్వాతి నెల మొదటి ఆదివారం నన్ను వాళ్ల సంఘానికి రమ్మంది. ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రార్థన ఫలించినవాళ్లే లేస్తారు: ఉద్యోగం వచ్చినవాళ్లు, జ్వరం తగ్గినవాళ్లు. ఫలించనివాళ్లు లేవడం నేనెప్పుడూ చూడలేదు. సువార్తమ్మ లేచింది.

"మా ఆయనకు మాట రాలె. మీరందరు అడిగిండ్రు, నేను అడిగిన, రాలె. దీన్ని సాక్ష్యం అంటరో అనరో నాకు తెల్వదు. గని ఆయన ఒప్పుకున్నది పాపం గాదు. ఆయనకు ఆఁ తప్ప ఇంకో మాట రాదు. మనం తెల్వక అడిగినం, నేను తెల్వక నమ్మిన. గిది చెప్దామని లేచిన."

ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలోంచి రూబేను గారు లేచారు. డెబ్బై దాటిన మనిషి. చివరి వరసదాకా నడిచొచ్చి ఇస్సాకు గారి ముందు నిలబడ్డారు. "నన్ను క్షమిస్తవా ఇస్సాకూ?"

"ఆఁ," అన్నారు ఇస్సాకు గారు.

రూబేను గారు బిక్కమొహంతో సువార్తమ్మవైపు తిరిగారు. "అమ్మా, ఇది ఔనా, కాదా?" ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె సంచిలోంచి అట్టలు తీసి ఒళ్లో పెట్టింది. ఇస్సాకు గారు వాటిని చూశారు, ముసలాయన ముఖం చూశారు. నేను పది లెక్కపెట్టాను. ఇరవై అయింది. ముసలాయన మళ్లీ అడగలేదు, కదలలేదు. అప్పుడు వేలు టిక్కు మీదికి వచ్చింది.

ఆ రోజు పళ్లెం ఇస్సాకు గారి దగ్గర ఆగింది. ఆయన కుడి చెయ్యి లేవదు గనక పళ్లెం రూబేను గారే పట్టుకున్నారు.

ఇస్సాకు గారికి ఈ రోజుకీ మాట రాలేదు. మరో నాలుగు శబ్దాలు వచ్చాయి, అంతే. అంతమంది అడిగినదానికి దేవుడు ఎందుకు ఊరుకున్నాడో నాకు అర్థం కాలేదు, అర్థమైందని చెప్పేవాళ్లను చూస్తే కొంచెం భయం కూడా. ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. దేవుడు ఊరుకున్నప్పుడు, ఆ ఊరుకోవడాన్ని భరించలేక మనమే ఒక జవాబు తయారుచేసి పక్కమనిషి మీద వేస్తాం. ఆ ఫోన్‌తో నేనూ వేశాను. దాన్ని ఒక మనిషి నెల రోజులు మోశాడు, ‘కాదు’ అని ఒక్క మాట అనలేక.