స్టూలు మీది బ్యాగు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో మా ఇంట్లో సంచులు చాలా ఉండేవి, బ్యాగు ఒక్కటే. నాన్న గూడ్సు బళ్లు నడిపేవారు. ఆయనతో డ్యూటీకెళ్లే ఖాకీ గుడ్డది బ్యాగు. మిగతావన్నీ, పాత కర్టెనుతో కుట్టి అమ్మ పుట్టింటికి పట్టుకెళ్లేదానితో సహా, సంచులే. బ్యాగు సర్దేది అమ్మ. నాన్న తెరిచి చూసుకునేవారు కాదు. చూస్తే సర్దినవాళ్లని అనుమానించినట్టని మా ఇంటి ఆచారం.

ఆయన రిటైరై అదే ఊళ్లో కుదుదండ్‌లో ఇల్లు తీసుకున్నాక కూడా బ్యాగు గుమ్మం పక్క స్టూలు మీదే కూర్చుంది, పిలుపొస్తే బయల్దేరదామన్నట్టు.

ఒకరోజు, చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఎవరూ అడక్కుండానే బ్యాగు అనే మాట చరిత్ర చెప్పాను. ఉత్తర సముద్రాల మీద తిరిగిన నార్సు జనం మూటని అలాంటి మాటతోనే పిలిచేవారట. వాళ్లతో అది ఇంగ్లండు చేరింది. ఇంగ్లీషువాళ్లతో ఓడెక్కి, రైలెక్కి మన స్టూలు మీదికొచ్చింది. నాన్న శ్రద్ధగా విని, అంతకుముందు ఎక్కడుండేదని అడిగారు. నిఘంటువులకే సరిగ్గా తెలీదన్నాను.

"అచ్ఛా. అక్కడ సిగ్నల్ లేదన్నమాట," అన్నారు.

అమ్మ మాత్రం వేరే సంగతి పట్టుకుంది. ఆ వారంలోనే విజయనగరంలో పిన్ని కూతురి పెళ్లి.

"అంతమంది మోసినారు కదా. ఇన్నాళ్లూ నేను సర్దినాను. ఈపాలి మీరు సర్దండి, నేను మోస్తాను."

కొత్త ట్రాలీ కొనిస్తానన్నారు నాన్న. చక్రాలున్నది తనకొద్దంది. ఆయన స్టూలు వైపు కాసేపు చూసి, బ్యాగు తీసుకుని లోపలికెళ్లారు. అమ్మ చీరలు మంచం మీద పెట్టి ఉంచింది. ఆచారం ప్రకారం తెరిచి చూడకుండానే బ్యాగు భుజాన తగిలించుకుని బండెక్కింది.

మర్నాడు ఫోను చేసింది. బ్యాగులో టార్చి, తాళం, గొలుసు, తువ్వాలు, సబ్బు, చపాతీల డబ్బా ఉన్నాయట. చీర ఒక్కటీ లేదట. వెళ్లి చూస్తే అన్నీ మంచం మీదే ఉన్నాయి, మడత చెదరకుండా. నాన్నకి పొరపాటెక్కడో నిజంగానే అంతుపట్టలేదు.

"డ్యూటీ బ్యాగులో పట్టుచీర ఏటే?" అన్నారు.

 అవతల అమ్మా పిన్నీ కలిసి నవ్వడం వినబడింది.

అమ్మ పిన్ని చీరే కట్టుకుని పెళ్లి జరిపించింది. పందిట్లో కరెంటు పోతే ఆదుకున్నది తన టార్చేనని ఇప్పటికీ చెబుతుంది. తిరిగొచ్చాక బ్యాగుని స్టూలు మీద పెట్టలేదు, తన బీరువాలో పెట్టుకుంది.  నాన్న వ్యాపార్ విహార్ బజారుకి సరుకులకెళ్లేటప్పుడు కర్టెను సంచి పట్టుకెళుతున్నారు. స్టూలు మీద తనే కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నారు. సౌకర్యంగానే ఉందట.